ఎడమచేతి సర్కారు

వెలగపాలెం లూథరన్ సంఘానికి దేవుడు ఏ లోటూ చేయలేదు. రాతి కట్టడపు చర్చి ఇచ్చాడు, చర్చికి గంట ఇచ్చాడు, గంటగోపురం నిండా పావురాలను ఇచ్చాడు. సమాధుల తోటను మాత్రం వాగు అవతల ఇచ్చాడు. ఇందులో దేవుణ్ణి తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. పూర్వం మిషనరీ దొరగారొకాయన నడివేసవిలో గుర్రమెక్కి వచ్చి, ఎండి పడున్న వెలగవాగును చూసి బండ్లబాట కాబోలనుకుని, అవతలి మెరక బాగుందని అక్కడ హద్దురాళ్ళు పాతించాడు. తొలకరి పడేలోపే ఆయనకు వేరే ఊరు బదిలీ అయింది. హద్దురాళ్ళు ఉండిపోయాయి.

అప్పట్నుంచీ ఆ సంఘంలో ఎండాకాలం పోయినవాళ్ళు మర్యాదగానూ, వానాకాలం పోయినవాళ్ళు తడిసీ మట్టిలో కలుస్తున్నారు. పోయినేడు ఓబద్యా తాతను మోసుకెళ్తుండగా వాగు నడుమ ముందువాడి కాలు జారింది. పెట్టె భుజాల మీదినుంచి లేచి, నీళ్ళమీద కుదురుగా కూర్చుని, తన దారిన తాను బయలుదేరింది. కీర్తన పాడుతున్నవాళ్ళు కీర్తన ఆపకుండానే ఒడ్డువెంట పరుగెత్తారు. బతికున్నన్నాళ్ళూ ఏ ఆరాధనకూ వేళకు రాని మనిషి ఆ రోజు అందరికన్నా ముందు వెళ్ళాడని ఊరంతా చెప్పుకుంది. చివరికి దిగువన తుమ్మచెట్ల మధ్య ఇరుక్కుని దొరికాడు.

ఇదంతా ఒడ్డున నిలబడి చూసిన రాహేలమ్మ మర్నాడు పొద్దున్నే పాస్టరుగారింటికి వచ్చింది. ఆమె మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి ఊళ్ళో సగంమందికి మొదటి స్నానం పోసిన మనిషి. భర్త ఏలీయా వాగు అవతల వేపచెట్టు కింద పడుకుని చాలాకాలమైంది. ఆయన పక్కన ఒక మనిషికి సరిపోయే జాగా ఖాళీగా ఉంది. అది తనదని ఆమె ఊరందరికీ చెప్పిపెట్టింది.

"అయ్యగారూ, నాకు ఈత రాదు," అంది.

ఫిలేమోను అయ్యగారు ఆ సంఘానికి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టిన ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాలలో చెప్పిన ప్రతి ముక్కనూ మనసుపెట్టి చదివాడు. చదివినదాన్ని ఎక్కడో ఒకచోట ఉపయోగపెట్టకపోతే చదివించినవాళ్ళ రుణం తీరదని గట్టిగా నమ్మేవాడు. ఊరికి జరిగిన నష్టాల్లో చాలామటుకు ఈ నమ్మకం వల్లనే జరిగాయి.

మీ ఆరోగ్యం బాగానే ఉంది కదమ్మా, ఇప్పుడా మాటెందుకు అన్నాడు.

"ఓబద్యాకి మాత్రం ఏమైందయ్యగారూ? ముందురోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. నేను మా ఆయన పక్కకి పొడిగా పోవాల. చప్టానో కల్వర్టో, ఏదోటి కట్టిచ్చిందాకా నేను చావను. ఇంక ఆలీసెం మీదే."

ఫిలేమోను మాట ఇచ్చాడు. పాస్టరు మాట. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరూ వందనాలు చెబుతుంటే రాహేలమ్మ మాత్రం "వచ్చిందా?" అని అడిగేది. ఇంకా రాలేదమ్మా అని ఆయన అనేవాడు. "అయితే నాకేం తొందర లేదులే," అని ఆమె కర్ర ఆనించుకుంటూ వెళ్ళిపోయేది.

వాగు సర్కారుది. ఇవతలి గట్టు సర్కారుది. కాబట్టి కల్వర్టు కూడా సర్కారే కట్టాలి. అర్జీ మండలాఫీసుకు వెళ్ళి, అక్కడి వాతావరణం నచ్చి, అక్కడే ఉండిపోయింది. దాన్ని కదిలించాలంటే తహశీల్దారు పట్టాభిరామయ్యగారిని రిపబ్లిక్ డే నాడు చర్చి ఆవరణలోని బడికి పిలిచి, జెండా ఎగరేయించి, ఆరాధనలో ముందు కుర్చీ వేయాలని సంఘ కమిటీ అధ్యక్షులు గమలియేలుగారు ప్రతిపాదించారు. ఆయన రిటైర్డు హెడ్మాస్టరు. మంచినీళ్ళు కావాలన్నా తీర్మానంలాగా అడిగేవారు.

ఆ రోజు ప్రసంగానికి ఫిలేమోను ఎంత శ్రమపడ్డాడో ఆయన భార్యకు తెలుసు. దొరగారి కాలం నుంచి సంఘం సర్కారును పొగిడింది లేదు. తిడితే పని జరగదు. అబద్ధంగా పొగడటం ఆయనకు చేతకాదు. అబద్ధం కాకుండా, వేదాంతం తప్పకుండా, తహశీల్దారు మనసు కరిగేలా పొగిడే మాట ఒకటి పుస్తకాల్లో ఉంది. దాన్నే పట్టుకున్నాడు.

"దేవుడు ఈ లోకాన్ని రెండు చేతులతో ఏలుతున్నాడు," అన్నాడు మైకులో. "కుడిచేత్తో సువార్త ద్వారా సంఘాన్ని ఏలుతాడు. ఇక్కడ కత్తి లేదు, క్షమాపణ ఉంది. ఎడమచేత్తో చట్టం ద్వారా దేశాన్ని ఏలుతాడు. అక్కడ దొంగను పట్టుకోవాలి, దారులు వేయాలి, వాగుకు కల్వర్టు కట్టాలి. రెండూ ఆయన రాజ్యాలే. ఒకదాని పని ఇంకొకటి చేయకూడదు. అధికారి మన సంఘస్థుడు కాకపోవచ్చు, ఆ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, అయినా ఆయన దేవుని సేవకుడే. మన ముందు కూర్చున్న తహశీల్దారుగారు సాక్షాత్తూ దేవుని ఎడమచేయి."

అని, జనం మొహాల్లో ఆనందం చూద్దామని తలెత్తాడు.

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. మగవాళ్ళు పావురాల వంక చూస్తున్నారు. ఎక్కడో చలిదేశంలో రాసిన పుస్తకంలో ఆ మాటకు ఏ ఇబ్బందీ ఉండి ఉండదు. వెలగపాలెంలో ఎడమచేతికి ఒక ఖాయమైన ఉద్యోగం ఉంది. పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళినప్పుడు చేసే ఉద్యోగం. ఆ చేత్తో ఎవరూ ఎవరికీ ఏదీ ఇవ్వరు, ఇస్తే ఎవరూ తీసుకోరు. తహశీల్దారుగారు ఎర్రగా మారిన మొహంతో, తన చేతికిచ్చిన లడ్డూను తిరిగి పళ్ళెంలో పెట్టారు. కుడిచేత్తో పెట్టారు. అందరికీ కనబడేలా పెట్టారు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. "ప్రభుత్వమును ఎడమచేయిగా అభివర్ణించుట – సంజాయిషీ కోరుట – గురించి" అని దాని విషయం. ఫిలేమోను సంతోషించాడు. ఆయన్ను అంతవరకూ ఎవరూ వేదాంతం గురించి సంజాయిషీ అడగలేదు. మూల భాషల్లోంచి ఉదాహరణలతో ఒక చిన్న పుస్తకమంత జవాబు రాసి, తానే పట్టుకెళ్ళి ఇచ్చాడు. దాన్ని తెచ్చుకున్న పాపానికి నిలబడి చదివి వినిపించాల్సి వచ్చింది.

అంతా విని తహశీల్దారుగారు ఒకే ప్రశ్న వేశారు. "మాది ఎడమచేయి అయితే కుడిచేయి ఎవరిదండీ?"

సంఘానిది అన్నాడు ఫిలేమోను.

"అనగా మీది."

"దేవునిదేనండీ. మేం అందులో..."

"సదరు కుడిచేయిని ప్రభుత్వపరం చేయడానికి మీ సంఘానికి గల అభ్యంతరములు తెలియజేయండి. అంతవరకు కల్వర్టు ఫైలు పరిశీలనలో ఉంటుంది."

సంఘ కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. గమలియేలుగారు లేచి, కుడిచేయి అనేది పూర్వీకుల నుంచి సంఘానికి సంక్రమించిన హక్కనీ, తమ అధ్యక్షతన అది పోయిందన్న అపకీర్తిని తాము మోయజాలమనీ అన్నారు. పంచాయతీ రిజర్వేషన్లలాగా ఒక దఫా వాళ్ళకు, ఒక దఫా మనకు అని ఒకరన్నారు. దేవుడంతటివాడికి రెండూ కుడిచేతులే అయ్యుండకూడదా అని ఇంకొకరు అడిగారు. ఈ చివరి ప్రతిపాదన అందరికీ నచ్చి, సంఘాలన్నిటికీ పైదైన సినడ్ కార్యాలయానికి పంపారు. అక్కడినుంచి జవాబు కూడా వచ్చింది. ప్రతిపాదన ప్రేమపూర్వకమైనదే గాని, తండ్రి కుడిపార్శ్వమున ఇదివరకే కుమారుడు ఆసీనుడై ఉన్నట్లు విశ్వాస ప్రమాణము స్పష్టముగా తెలుపుచున్నందున, అక్కడ ప్రభుత్వమునకు ఖాళీ లేదని.

ఈ సంగతులన్నీ విని రాహేలమ్మ గుమ్మం దగ్గరే నవ్వింది. "కుడిచెయ్యి తింటది, ఎడంచెయ్యి కడుగుద్ది. కడగడం మానేసి నాలుగు రోజులు చూడమను అయ్యగారూ, ఏ చెయ్యి గొప్పదో ఊరంతటికీ వాసనొస్తది. నా కల్వర్టు సంగతి జెప్పండి ముందు."

ఖాళీ లేదన్న జవాబు చేరాక తహశీల్దారుగారు ఊరుకోలేదు. ప్రభుత్వం ఎడమచేయి కాదని రుజువు చేయడమే తక్షణ కర్తవ్యమని జిల్లా కార్యాలయానికి నివేదిక పంపారు. జిల్లా కార్యాలయం మూడు శాఖలతో కమిటీ వేసింది. కమిటీ చాలా టీలు తాగి, ప్రభుత్వం ఎడమచేయి కానప్పుడు ప్రభుత్వ పనుల్లో ఎడమచేతికి ఏం పని అని ప్రశ్నించుకుని, ఏమీ పని లేదని జవాబు చెప్పుకుంది. దాని మీద సర్క్యులరు వచ్చింది. ఇకమీదట జిల్లాలో ప్రభుత్వ విధులేవీ ఎడమచేతితో నిర్వహించరాదు.

ఆ తర్వాత మండలంలో పరిపాలన కుడిగా సాగింది. టైపిస్టు ఒక చేత్తో కొట్టడంవల్ల పొద్దున ఎత్తుకున్న వాక్యం సాయంత్రానికి ముగిసేది. సర్వేయరు గొలుసు ఒక కొస పట్టుకుంటే రెండో కొస పట్టుకోవడానికి ఇంకో సర్వేయరు రావాలి. ఆయన పక్క మండలంలో ఉంటాడు. ఆసుపత్రిలో నర్సమ్మ సూది పట్టుకుంటే రోగి తన జబ్బను తానే ఒడిసి పట్టుకోవాలి. కూడలిలో కానిస్టేబులు కుడివైపు బండ్లను మాత్రమే ఆపగలిగేవాడు. ఎడమవైపు బండ్లు వాటి విజ్ఞతకు వదిలేయబడ్డాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు వేలిముద్రలది. చదువురాని రైతులంతా పాసుపుస్తకాల మీద, పట్టాల మీద తాతలనాటి నుంచీ వేసింది ఎడమ బొటనవేలు. అవన్నీ చెల్లవన్నారు. కుడి బొటనవేలు వేస్తామంటే, అది పాతదానితో సరిపోలడం లేదన్నారు.

అయితే మండలంలో మంచి పనొకటి జరిగింది. ఎవరూ ఊహించని విధంగా కల్వర్టు ఫైలు పైకీ కిందకీ తిరిగి, అన్ని ఆమోదాలూ పొంది, తహశీల్దారుగారి బల్ల మీదికి చేరింది. కుడిచేతి ప్రభుత్వం చేసిన మొదటి మేలుగా దాన్ని చూపించాలని పైవాళ్ళు తలచారట. ఇంకొక్క సంతకం చాలు. ఆ ఒక్క సంతకమూ పడటం లేదు. మాఘం వెళ్ళింది, ఎండలు ముదురుతున్నాయి. తొలకరిలోపు కట్టకపోతే మళ్ళీ ఏడాది.

ఫిలేమోను మండలాఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి అటెండరు మస్తాన్ వలికి జాలేసి, ఆయన్ను సైకిలు స్టాండు వెనక్కి పిలిచాడు.

"సంతకం పడాలంటే చెయ్యి ఉండాల గదా అయ్యగారూ. సారుది పుర్రచెయ్యి."

ఫిలేమోనుకు వెంటనే అర్థం కాలేదు.

"ఆయన రాసేది ఎడంచేత్తో. ఫైలు నిలబెట్టి దానెనకాల పెట్టేవాడు సంతకం, ఎవరికీ కనబడకుండా. నాకొక్కడికే ఎరిక. ఇప్పుడు కుడిచేత్తో పెడతన్నాడు. అది చూసి ట్రెజరీవాళ్ళు ఇది సంతకమా, బొద్దింక తొక్కిందా అని తిప్పి పంపారు. పాపం, తలుపేసుకుని అచ్చులు దిద్దుతున్నాడయ్యా, ఒకటో తరగతి పిల్లోడిలాగ."

ఫిలేమోను తలుపు తట్టి లోపలికి వెళ్ళేసరికి తహశీల్దారుగారు ఒక కాగితాన్ని మోచేతి కింద దాచారు.  ఆయనే మాట మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద ఎత్తినందుకు నాయనమ్మ ఆ చేతికి వాత పెట్టిందట. బళ్ళో పంతులు దాన్ని బెంచీకి కట్టేశాడట. అయినా పరీక్షలన్నీ దానితోనే రాశారు, ఉద్యోగం దానితోనే తెచ్చుకున్నారు. వాళ్ళింట్లో కూడా ఆయనే మొదటి డిగ్రీ.

"ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడకుండా నెట్టుకొచ్చానండీ. మీరేమో జెండా పండగనాడు, మైకులో, ఊరందరి ముందూ నన్ను ఎడమచెయ్యి అన్నారు. ఎవడో మీకు చెప్పేశాడనుకున్నా."

"నేను పొగిడానండీ," అన్నాడు ఫిలేమోను.

"ఇప్పుడు తెలుస్తోంది."

"సర్క్యులరు వద్దని పైవాళ్ళకు రాయొచ్చు కదండీ."

"రాయడానికే కదండీ చెయ్యి లేనిది."

ఫిలేమోను ఆ రాత్రి ప్రార్థన చేసుకున్నాడు, పుస్తకాలు తిరగేశాడు. చదువు మరోసారి ఉపయోగపడింది. రెండు రాజ్యాలు వేరు. ఒక రాజ్యపు ఆజ్ఞ ఇంకో రాజ్యంలో చెల్లదు. సర్క్యులరు ప్రభుత్వ కార్యాలయాలకు సంబంధించింది. చర్చి ప్రభుత్వ కార్యాలయం కాదు. మర్నాడు వెళ్ళి ఈ మాట చెబితే తహశీల్దారుగారు ఆయన్ను మొదటిసారి కూర్చోమన్నారు.

ఆ సాయంత్రం చర్చి పక్కనున్న వెస్ట్రీలో, అయ్యగారు అంగీ తొడుక్కునే చిన్నగదిలో, పట్టాభిరామయ్యగారు చొక్కా చేయి మడిచి, ఎడమచేత్తో, ఏ ఫైలూ అడ్డం పెట్టుకోకుండా కల్వర్టు మీద సంతకం చేశారు. చేసి, దానివంక కాసేపు చూసుకున్నారు. ముత్యాల్లాంటి అక్షరాలు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తహశీల్దారు మర్నాడు ఇంకో రెండు ఫైళ్ళు తెచ్చుకున్నారు. ఆ మర్నాడు టైపిస్టు మిషను మోసుకుని వచ్చింది, ఇక్కడ రెండు చేతులా కొట్టొచ్చట కదండీ అంటూ. తర్వాత సర్వేయరు గొలుసుతో, రైతులు ఎడమ బొటనవేళ్ళతో వచ్చారు. బెంచీల మీద తమ వంతు కోసం కూర్చున్న రైతులకు రెండు మూడు కీర్తనలు నోటికొచ్చేశాయి. ఇదేమిటని అడుగుతూ సినడ్‌నుంచి శ్రీముఖం వచ్చేలోపే వెలగపాలెం చర్చి మండలానికి ముఖ్యపట్టణమైంది.

ఫిలేమోనుకు నిద్ర పట్టలేదు. రాజ్యాలు కలపకూడదని మైకులో చెప్పింది తనే. అందుకని గచ్చు మీద సుద్దతో ఒక గీత గీశాడు. గీత ఇవతల సువార్త, అవతల రెవెన్యూ. దాంతో కొత్త తంటా వచ్చింది. ఒక రైతు గీత ఇవతల నిలబడి, పక్కవాడి చేలోకి గట్టు జరిపానని ఒప్పుకుంటే క్షమాపణ దొరికింది. ఇంకో రైతు అదే మాట గీత అవతల అంటే నోటీసు దొరికింది. వారం తిరిగేసరికి మండలంలో గట్లు జరిపిన వాళ్ళందరూ ఇవతలే నిలబడటం నేర్చుకున్నారు. వాళ్ళందరినీ కూర్చోబెట్టి, దేవుడు క్షమించినా గట్టు మాత్రం వెనక్కి జరపాల్సిందేనని ఫిలేమోను విడమర్చి చెప్పాల్సి వచ్చింది. అదేం క్షమాపణండీ అని వాళ్ళు నొచ్చుకున్నారు.

"దీన్నిబట్టి ఈ కమిటీ గ్రహించునది ఏమనగా," అన్నారు గమలియేలుగారు, "మనం కుడిచేయిని కాపాడుకున్నాం గాని, ఎడమచేయి వచ్చి మన ఒళ్ళో కూర్చుంది."

కల్వర్టు మాత్రం లేచింది. ఎండలు తగ్గకముందే తూములు దిగాయి, సిమెంటు పడింది, రెండు పక్కలా తెల్లసున్నం కొట్టిన పిట్టగోడలు వచ్చాయి. రాహేలమ్మ కర్ర పట్టుకుని వచ్చి పిట్టగోడను అరచేత్తో తట్టి చూసింది, బిడ్డ వీపు తట్టినట్టు. అడుగు వేయబోయేసరికి పంచాయతీ మనిషి వద్దన్నాడు. ప్రారంభోత్సవం కాలేదు. అమాత్యులవారు వచ్చి రిబ్బను కోయాలి. అప్పటిదాకా ఎవరూ ఎక్కరాదు. అంతవరకు జనం కల్వర్టు పక్కనే వాగులో దిగి నడుస్తున్నారు.

"పుట్టిన ప్రతి బిడ్డకీ బొడ్డు కోశా," అంది రాహేలమ్మ. "మంత్రిగారు రావాలని ఒక్క బిడ్డనీ ఆపలా."

అమాత్యులవారి రాక మూడుసార్లు వాయిదా పడింది. మూడోసారికి తొలకరి పడింది. ఆదివారం గుమ్మం దగ్గర రాహేలమ్మ అలవాటుగా "వచ్చిందా?" అంది.

"వచ్చిందమ్మా. తెరవలేదు. కొంచెం ఓపిక పట్టండి."

ఆమె ఆయన చేయి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "ఇన్నాళ్ళూ మీకోసమే పట్టాను నాయనా. ఇంక నావల్ల కాదేమో," అంది. ఆ మాటలో వేళాకోళం లేకపోవడం చూసి ఫిలేమోనుకు భయమేసింది. బుధవారం తెల్లారేసరికి ఆమె పోయింది.

ఎగువన కురిసిన వానకు వాగు మొలలోతు దాటి పారుతోంది. గంట మోగింది. పెట్టె లేచింది. తెల్లంగీలో ఫిలేమోను ముందు నడిచాడు. కల్వర్టు దగ్గరికి చేరేసరికి అడ్డంగా ఎర్ర రిబ్బను గాలికి రెపరెపలాడుతోంది. దాని అవతల తహశీల్దారుగారు, మస్తాన్ వలి, ఒక కానిస్టేబులు నిలబడి ఉన్నారు. అమాత్యులవారు ఎల్లుండి ఖాయమట. అంతదాకా పిట్టను కూడా దాటనివ్వద్దని పొద్దునే వైర్‌లెస్‌లో వచ్చిందట. ఈ మాట చెబుతున్నప్పుడు తహశీల్దారుగారు పెట్టె వంక చూడలేదు.

మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. గమలియేలుగారు గొంతు సవరించుకుని, పై అధికారులకు లోబడి ఉండవలెనని వాక్యము సెలవిస్తున్నందున నీళ్ళలో నుంచే పోవుటకు తీర్మానించవలసిందిగా కోరారు. ఇద్దరు కుర్రాళ్ళు పంచెలు ఎగ్గట్టడం మొదలుపెట్టారు. ఒకడు మోకు తెచ్చాడు, ఓబద్యా తాత సంగతి గుర్తుండి.

ఫిలేమోను రిబ్బను వంక చూశాడు. ఒక్క లాగు లాగితే ఊడివస్తుంది. ఆయన చేయి లేవబోయి ఆగింది. అది తన చేయి చేయాల్సిన పని కాదు. ఆ సంగతి ఆయన చదువుకున్నాడు, నమ్మాడు, ఆ క్షణాన కూడా నమ్ముతూనే ఉన్నాడు. వాగు వైపు చూశాడు. మాట ఇచ్చింది కూడా తనే.

"అయ్యా," అన్నాడు. "రిబ్బను కోసే అధికారం నాకు లేదు. కోయమని మిమ్మల్నీ అడగను. ఆమెకు ఈత రాదు. ఆ ఒక్క మాట మీకు చెప్పాలి."

పట్టాభిరామయ్యగారు అప్పుడు పెట్టె వంక చూశారు. జనం వంక చూశారు. వైర్‌లెస్ సెట్టు పట్టుకున్న కానిస్టేబులు వంక చూశారు. ఆయన కుడిచేతిలో ఫైలు ఉంది. దాన్ని మస్తాన్ వలికి ఇవ్వలేదు, కింద పెట్టలేదు. అందరూ చూస్తుండగా ఎడమచేయి చాచి, రిబ్బను పట్టుకుని, తలపైకి ఎత్తారు.

"కోయరాదని ఉంది," అన్నారు. "ఎత్తరాదని లేదు. తీసుకెళ్ళండి."

ఎవరూ నవ్వలేదు. కొంగులు నోళ్ళకు అడ్డం పోలేదు. ఫిలేమోను కల్వర్టు రెండోపక్క పిట్టగోడ దగ్గర నిలబడి, కుడిచేయి పైకెత్తి, మన్నైనది మన్నుకు చేరే మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. ఒకపక్క ఎత్తిన ఎడమచేయి, ఒకపక్క ఎత్తిన కుడిచేయి. ఆ రెంటి మధ్య నుంచి రాహేలమ్మ వెళ్ళింది. కింద వాగు హోరుమంటోంది. ఆఖరి మనిషి దాటేదాకా తహశీల్దారుగారు చేయి దించలేదు.  చివర్లో మస్తాన్ వలి దాని కింద తన మోచెయ్యి ఆనించి ఆసరా ఇచ్చాడు.

అమాత్యులవారు ఎల్లుండి రాలేదు. రిబ్బను ఇప్పటికీ అలాగే ఉంది. రంగు వెలిసింది. జనం దాన్ని ఎత్తి దాటుతున్నారు. ఏ చేత్తో ఎత్తాలన్న విషయం జిల్లా కార్యాలయంలో పరిశీలనలో ఉంది.

ఈలోగా ఫిలేమోనుకు ఇంకో మెమో వచ్చింది. ప్రారంభోత్సవమునకు పూర్వమే కల్వర్టును ఒక వ్యక్తి వినియోగించినట్లు తెలియవచ్చినది. సదరు వ్యక్తి ఎందు నిమిత్తము ఆగజాలకపోయెనో తగు సంజాయిషీ సమర్పించవలెను.

కిందటిసారి ఈ మనిషి సంజాయిషీకి ఒక పుస్తకమంత రాశాడు. ఈసారి వెస్ట్రీ గుమ్మంలో నిలబడే, ఒక్క వాక్యం రాసి పంపాడు.

"సదరు వ్యక్తికి ఈత రాదు."